నురగ బాగానే వస్తున్నా రాగి శాతం పెరగకపోతే

నూరిన ఖనిజాన్ని నీటిలో నురగకి అంటించి పైకి తేల్చేటప్పుడు (ఫ్రాత్ ఫ్లోటేషన్), పీహెచ్ 7.5 దగ్గర నురగ బాగానే వస్తున్నా తేలిన పొడిలో రాగి శాతం పెరగడం లేదని అడిగారు. మీ రాగి ఖనిజంలో చాల్కోపైరైట్‌తో (రాగి ఉన్న సల్ఫైడ్) పాటు ఇనుప పైరైట్ (ఇనుప సల్ఫైడ్) కూడా తేలుతోంది. మీరు చెప్పిన పీహెచ్ 7.5 దగ్గర అది మామూలే.

1. పైరైట్ తేలకుండా సున్నంతో పీహెచ్‌ను 10.5–11.5కి పెంచండి.

2. చాలామంది తప్పేది ఇక్కడే. సున్నం జాంథేట్ (రేణువులు నురగకి అంటుకునేలా చేసే రసాయనం) కంటే ముందు పడాలి, వీలైతే మిల్లులో నూరేటప్పుడే. జాంథేట్ పైరైట్‌కి పట్టేశాక సున్నం ఎంత పోసినా పెద్దగా లాభం ఉండదు. సున్నం వేసి, కొన్ని నిమిషాలు కలిపి, పీహెచ్ మళ్లీ చూడండి. పైరైట్ ఎక్కువుంటే సున్నాన్ని తినేస్తుంది, రీడింగ్ పడిపోతుంది. మళ్లీ సరిచేశాకే జాంథేట్, ఆపైన పైన్ ఆయిల్ (నురగ తెప్పించే నూనె).

3. తేలిన పొడిని భూతద్దంతో చూడండి. చిక్కటి పసుపు రేణువులు చాల్కోపైరైట్, పాలిపోయినవి పైరైట్. రెండూ ఒకే రేణువులో అతుక్కుని ఉంటే ఇంకా మెత్తగా నూరాలి.

శుద్ధ చాల్కోపైరైట్‌లోనే రాగి 34.6 శాతం. తేలిన పొడిలో 25 దాటితే టెన్షన్ వద్దు.