ఉద్యోగ అనుభవాలు రాయవచ్చునా?

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. గుంటూరు బ్రాడీపేటలోని ఇంటి నుంచే పనిచేస్తున్నాను. పనిలో నేర్చుకున్న సంగతులను, రాత్రి షిఫ్టుల జీవితాన్ని తెలుగులో రాయాలని ఉంది. కంపెనీ అభ్యంతరపెడుతుందా? సాంకేతిక పదాలను ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పక రాయండి. అయితే ముందుగా మీ నియామక ఒప్పందంలో గోప్యతకు, బయటి రచనలకు సంబంధించిన నిబంధనలను చదవండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగ విధుల్లో భాగంగా తయారైన రచనకు తొలి హక్కుదారు యజమానే కనుక, కంపెనీ కోడ్‌ను, క్లయింటు పేరును, లోపలి లెక్కలను మీ వ్యాసంలోకి తేవద్దు. సొంత సమయంలో, సొంత కంప్యూటరులో, మీ మాటల్లో రాసుకున్న అనుభవం సంగతి వేరు.

ఇక పదాల విషయం. సర్వర్, డేటాబేస్ వంటి మాటలను అలాగే ఉంచి, అవి చేసే పనిని తెలుగులో విప్పి చెప్పడమే మేలని నా అభిప్రాయం. ఉదాహరణకు, కంప్యూటరులో అక్షరాలను నిల్వచేసే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు (నిల్వ స్థలానికి కొలత) చాలితే, తెలుగు సంకేతం (కంప్యూటరు విడిగా గుర్తించే అచ్చు, హల్లు, పొల్లు వంటిది) ఒక్కొక్కదానికి 3 బైట్లు కావాలి. అందువల్ల మనకు రెండక్షరాలుగా కనిపించే ‘అమ్మ’ అనే మాట అ, మ, పొల్లు, మ అనే 4 సంకేతాలుగా, 12 బైట్లుగా నిల్వ అవుతుంది. బైట్లను లెక్కించే దరఖాస్తు గడిలో తెలుగు పేరు మధ్యలోనే ఎందుకు తెగిపోతుందో ఈ లెక్కతో మీరు వివరిస్తే, మన గుంటూరు, విజయవాడ కళాశాలల్లో చదివే పిల్లలకు అది ఎంతో ఉపయోగపడుతుంది.