వేసవి మొదలైంది, రోజును ఎండతో పాటు తిప్పుకో

అమ్మలూ,

నిన్న ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయావు. "పెద్దమ్మా, మళ్ళీ చేస్తాను, వీళ్ళిద్దరూ కొట్టుకుంటున్నారు" అన్నావు. మళ్ళీ చెయ్యలేదు. అందులో తప్పేమీ లేదులే, పిల్లలకి సెలవులిచ్చిన మొదటి వారం ఏ ఇంట్లోనైనా అంతే. ఫోన్లో కుదరని మాటలు ఇలా రాసి పంపిస్తున్నాను. రాత్రి వాళ్ళు పడుకున్నాక తీరిగ్గా చదువుకో.

"ఈ సెలవులన్నాళ్ళూ ఎలా నెట్టుకురావాలి?" అని అడిగావు. ఒకప్పుడు నేనూ అచ్చంగా ఇదే మాట అనేదాన్ని. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంటెడు పని. కానీ ఇప్పుడు తలుచుకుంటే, పిల్లల చిన్నతనంలో నాకు బాగా గుర్తున్న రోజులు చాలావరకు ఆ వేసవి మొదట్లోవే. అందుకే నీకు ఇంత వివరంగా రాయాలనిపించింది.

ముందు రోజును ఎండతో పాటు తిప్పుకో. ఈ కాలంలో త్వరగా తెల్లవారుతుంది, పొద్దు ఆలస్యంగా వాలుతుంది. పగలు పెద్దదైంది కదా అని మనం ఇంకో నాలుగు పనులు నెత్తిన వేసుకుంటాం. పగలు పెరిగినంత మాత్రాన ఒంట్లో ఓపిక పెరగదు. ఒళ్ళు వంచి చేసే పనులు, బయట తిరిగే పనులు పొద్దున్నే కానిచ్చెయ్. మధ్యాహ్నం ఇల్లంతా నెమ్మదించాలి. అప్పుడు అల్మారా సర్దుదాం, ఫ్యాన్లు తుడుద్దాం అని మొదలుపెడితే నీకూ చిరాకు, వాళ్ళకీ చిరాకు. సాయంత్రం మళ్ళీ అందరికీ ప్రాణం లేచొస్తుంది.

ఇంటిని కూడా అలాగే చూసుకో. తెల్లవారుజామున కిటికీలన్నీ బార్లా తెరువు, చల్లగాలి లోపలికి రానీ. బయట గాలి లోపలి గాలి కంటే వేడెక్కుతోందని అనిపించగానే మూసెయ్. ఎండ నేరుగా పడే కిటికీకి లోపల కర్టెన్ వెయ్యడం కంటే బయటివైపు తడికో మందపాటి గుడ్డో కట్టడం మేలు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ దాన్ని ఆపినా, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. పడమటి కిటికీ విషయంలో ఇది మరీ ముఖ్యం. నీ పిల్లల గదికి ఉన్నది ఆ కిటికీయే కదా.

ఇప్పుడు కాస్త భయపెట్టే మాట ఒకటి చెప్తాను. వేసవి ముదిరాకే జాగ్రత్తగా ఉండాలని అనుకుంటాం. మొదటి వేడి రోజులే ఎక్కువ దెబ్బ తీస్తాయి. మన ఒళ్ళు ఎండకి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అలవాటు పడ్డాక చెమట తొందరగా పడుతుంది, చెమటలో ఉప్పు తక్కువ పోతుంది. అంతదాకా ఒళ్ళు తడబడుతూనే ఉంటుంది. ఈ సంగతి నాకు తెలియక మా పెద్దాడిని ఇబ్బంది పెట్టాను. వాడికప్పుడు 8 ఏళ్ళు. సెలవులిచ్చిన రెండో రోజు పొద్దున పదకొండుకి ఆటకి వెళ్ళి రెండింటికి వచ్చాడు. మొహం కందిపోయింది, తలనొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు. తిన్నది పడలేదనుకుని నేను దుప్పటి కప్పి పడుకోబెట్టాను. పక్కింటి పెద్దావిడ వచ్చి చూసి ఆ దుప్పటి లాగేసింది. ఫ్యాన్ కింద పడుకోబెట్టి, ఒళ్ళంతా తడి గుడ్డతో తుడిచి, గుక్క గుక్కగా నీళ్ళు పట్టించింది. గంటలో లేచి కూర్చున్నాడు. ఆ దుప్పటి గుర్తొస్తే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

కాబట్టి ఈ రెండు వారాలు ఆట సమయాన్ని మెల్లమెల్లగా పెంచు. దాహం వేసేదాకా ఆగకుండా, మధ్యమధ్యలో పిలిచి నీళ్ళు తాగించు. వాంతులో విరేచనాలో అయితే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇంట్లో ఉండాలి. అది దొరకని పరిస్థితిలో ఒక లీటరు శుభ్రమైన నీళ్ళలో తలకొట్టిన 6 చెంచాల చక్కెర, తలకొట్టిన అర చెంచా ఉప్పు కలుపు. టీ చెంచానే వాడు, ఉప్పు చేత్తో ఉజ్జాయింపుగా వెయ్యకు, ఎక్కువైతే పసివాళ్ళకి ప్రమాదం. ఆ నీళ్ళు ఒక రోజు దాటితే పారబోసి మళ్ళీ కలుపు. అలా కాకుండా ఒళ్ళు కాలిపోతూ, పిల్లాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా నోట్లో ఏమీ పొయ్యకు. ఒంటిని తడుపుతూ, గాలి తగిలేలా చేస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆగి ఉన్న కారులో పిల్లల్ని ఒక్క నిమిషమైనా వదలొద్దు. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కాస్త దించినా పెద్దగా తేడా ఉండదు. ఇది అల్లుడికి కూడా చదివి వినిపించు.

చిన్నదానికి నీళ్ళంటే ప్రాణం కదా, టబ్బులో ఆడించు, దానికి మించిన ఆట ఈ కాలంలో లేదు. కానీ అది నీళ్ళలో ఉన్నంతసేపూ నీ చెయ్యి దానికి అందేంత దూరంలో ఉండాలి. ఫోన్ లోపల పెట్టేసి కూర్చో. పసిపిల్లలు మునిగితే కేకలు వినపడతాయని అనుకుంటాం. చాలాసార్లు చప్పుడే ఉండదు, కొద్దిపాటి నీళ్ళు చాలు. ఆట అవ్వగానే టబ్బు బోర్లించెయ్. బకెట్టు కూడా.

భయాలు ఇక్కడితో చాలు. ఇవి ఒకసారి అలవాటైతే మనసు కుదురుగా ఉంటుంది, మిగతావన్నీ హాయిగా చూడగలుగుతాం.

పిల్లలకి పనులు చెప్పు అమ్మలూ. నీకు సాయమవుతుందని కాదు, మొదట్లో నీ పని రెట్టింపే అవుతుంది. అయినా చెప్పు. ఈ ఎండకి దుప్పట్లు గంటలో ఆరిపోతాయి కదా, వాటిని మడత పెట్టేటప్పుడు పెద్దవాడిని పిలు. చెరో రెండు కొసలు పట్టుకోండి. ముందు గట్టిగా ఒకసారి దులపండి, దుప్పటి మధ్యలో గాలి నిండి బుడగలా లేస్తుంది. చిన్నది దాని కిందకి దూరుతుంది చూడు, దూరనీ. తర్వాత సగానికి మడిచి, మీరిద్దరూ ఒకరికొకరు ఎదురుగా నడిచి వచ్చి నీ కొసల్ని వాడి కొసలకి కలపాలి. అలా దగ్గరికి వచ్చినప్పుడు వాడి మొహం నీ మొహానికి జానెడు దూరంలో ఉంటుంది. ఆ దుప్పటికి ఎండ వాసన ఉంటుంది. మా వాడు ఆ ఒక్క క్షణంలోనే నాకు ఎన్నో చెప్పేవాడు. స్నేహితుడితో గొడవైందని, చీకటంటే భయమని, లెక్కల పరీక్షలో పక్కవాడిది చూసి రాశానని. ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది చెప్పు" అంటే ఒక్క ముక్క వచ్చేది కాదు. చేతులకి పని ఉంటే పిల్లల నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. మడత వంకరగా వస్తే అలాగే అల్మారాలో పెట్టు. వాడి ఎదురుగా మళ్ళీ సరిచెయ్యకు, తర్వాత వాడు రాడు.

"బోర్ కొడుతోంది" అంటున్నారని వాపోయావు. అననీ. ఒక వేసవిలో నేను ఇద్దరినీ మూడు క్లాసుల్లో చేర్చాను. పొద్దున బొమ్మలు, ఆ తర్వాత సంగీతం, సాయంత్రం ఈత. ఖాళీగా ఉంటే పాడైపోతారని నా టెన్షన్. ఒక రోజు ఈత మాస్టారికి ఒంట్లో బాగోక క్లాసు లేదన్నారు. మా చిన్నది వచ్చి "అమ్మా, అయితే ఇవాళ సాయంత్రం నాకు ఏమీ లేదా? నిజంగా ఏమీ లేదా?" అని రెండుసార్లు అడిగి, లేదని చెప్పగానే గంతులేసింది. ఆ సాయంత్రమంతా ఒక అట్టపెట్టెతో ఆడుకుంది. మరుసటి వారం ఈత ఒక్కటీ ఉంచి మిగతావి మానిపించాను. ఈత నేర్పించు, అది ప్రాణం కాపాడే విద్య. మిగతావి వాళ్ళు అడిగితే చూద్దాం. బోర్ అన్న పిల్లలకి వెంటనే ఫోన్ ఇవ్వకుండా పావుగంట ఓపిక పట్టు. ఆ పావుగంట గొడవగానే ఉంటుంది. దాటితే ఏదో ఒక ఆట వాళ్ళే పుట్టిస్తారు.

పెద్దవాడు నన్ను మొన్న అడిగాడు, "అమ్మమ్మా, వేసవిలో సూర్యుడు మనకి దగ్గరగా వస్తాడా?" అని. నువ్వు వాడికి జవాబు చెప్పెయ్యకు, చూపించు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జులై మొదట్లో దూరం సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. అంటే మనలా భూమికి ఉత్తరాన ఉండేవాళ్ళకి చలి రోజుల్లోనే సూర్యుడు దగ్గరన్నమాట! వేసవికి కారణం భూమి వంగి ఉండటం, దాదాపు 23.5 డిగ్రీలు. రాత్రి లైట్లు ఆర్పి టార్చి తీసుకో. నేల మీదకి నిట్టనిలువుగా వెయ్యి, చిన్న గుండ్రటి వెలుగు పడుతుంది, కాంతిగా ఉంటుంది. అదే టార్చిని అంతే ఎత్తులో ఉంచి పక్కకి వంచు. వెలుగు కోడిగుడ్డులా సాగి, వెలవెలబోతుంది. ఉన్న వెలుతురే ఎక్కువ చోటుకి పరుచుకుంది. వేసవిలో ఎండ మన మీద నిటారుగా పడుతుంది, చలికాలంలో ఏటవాలుగా పడుతుంది. జూన్ 21 ప్రాంతంలో ఉత్తర భాగం సూర్యుడి వైపు అన్నిటికంటే ఎక్కువ ఒరుగుతుంది, పగలు అన్నిటికంటే పెద్దది అప్పుడే. నేను ఈ టార్చి సంగతి చూపించినప్పుడు మా పెద్దాడు ఒక వారం దాకా కనపడ్డ ప్రతి వస్తువు మీదా టార్చి వేసి చూశాడు. పగలు సుద్దముక్క ఇచ్చి, నీడ కొస ఎక్కడుందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గీత గియ్యమను. నీడతో ఆడే ఆట కాస్తా లెక్కగా మారిపోతుంది.

అల్లుడి గురించి నువ్వేమీ అనలేదు, కానీ నీ గొంతులో వినపడింది. "నేను చెప్తే చేస్తాడు పెద్దమ్మా" అన్నావు. ఆ చెప్పడం కూడా ఒక పనే కదా తల్లీ. నీళ్ళ సీసాలు నింపడం, టోపీలు వెతకడం, ఎవరికి చెప్పులు బిగుతయ్యాయో చూడటం, ఇవన్నీ గుర్తుపెట్టుకునేది నువ్వే. అందుకే పనిని ముక్కలుగా కాకుండా మొత్తంగా అప్పగించు. ఉదాహరణకి సాయంత్రం స్నానం దగ్గర్నుంచి పడుకోబెట్టేదాకా అల్లుడిది. తువ్వాలు ఎక్కడుందో కూడా తనే చూసుకోవాలి. మొదటి నాలుగు రోజులు పిల్లలు బట్టలు తిరగేసి వేసుకుని పడుకుంటారు. నువ్వు ఆ గదిలోకి వెళ్ళకు. మీ పెదనాన్నకి నేను ఈ అవకాశం ఇవ్వడానికి పదేళ్ళు పట్టింది, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. పిల్లలకి ఆయన దగ్గర పడుకునే వయసు అప్పటికే దాటిపోయింది.

పిల్లలు ఆలస్యంగా పడుకుంటున్నారన్నావు. బయట ఇంకా వెలుగుంటే "నిద్రపో" అని ఎలా చెప్తాం? పడుకునే ముందు గంటసేపు కర్టెన్లు వేసి, లైట్లు తగ్గించు. ఒంటి లోపలి వేడి కాస్త తగ్గితేనే నిద్ర పడుతుంది, అందుకు గోరువెచ్చటి నీళ్ళతో స్నానం మంచిది. మరీ చన్నీళ్ళు పొయ్యకు, హుషారొచ్చి ఇంకో గంట గెంతుతారు. ఎప్పుడు పడుకున్నా లేపే వేళ మాత్రం పెద్దగా మార్చకు.

ఇక నీ సంగతి. సాయంత్రం ఎండ తగ్గాక ఒక గంట ఏ పనికీ కేటాయించకు. ఆ గంటలో ఏం చెయ్యాలో నేను చెప్పను. డాబా మీద కూర్చుంటారో, నడుస్తారో, ఊరికే చాప వేసుకుని ఆకాశం చూస్తారో మీ ఇష్టం. మాకు గుర్తుండిపోయినవన్నీ ఆ గంటలోనే జరిగాయి. మా చిన్నదానికి మొదటి పన్ను ఊడింది అప్పుడే. పెద్దాడు సైకిల్ మీద నా చెయ్యి వదిలి ముందుకి పోయింది అప్పుడే, నేను వదిలానని వాడికి తెలియకుండా పది గజాలు తొక్కేశాడు. ఆ గంటలో గిన్నెలు తోముతూ ఉండి ఉంటే అవి నాకు ఎవరో చెప్పగా వినాల్సి వచ్చేది. గిన్నెలు ఆగుతాయి.

చిన్నదాని కోసం కవర్లో నాలుగు చిక్కుడు గింజలు పెట్టాను. రాత్రంతా నానబెట్టి, వేలి కణుపంత లోతున మట్టిలో పెట్టమను. నీళ్ళు పొద్దున్నే పొయ్యాలి, ఎండెక్కాక పోస్తే సగం ఆవిరైపోతాయి. మట్టి తడిగా ఉంటే చాలు, బురద కాకూడదు, గింజ కుళ్ళిపోతుంది. ఓ వారం పది రోజుల్లో మొలక వంగిన మెడతో మట్టిని నెట్టుకుని పైకి వస్తుంది. చిన్నది మూడో రోజే తవ్వి చూస్తుంది, నాకు తెలుసు, అందుకే నాలుగు పంపించాను. ఒకటి తవ్వుకోనీ. మొలకలొచ్చిన రోజు దాని చేతే నాకు ఫోన్ చేయించు.

మీ పెద్దమ్మ