ఫిట్జ్ హెన్రీ లేన్ వేసిన ‘అమెరికా’ పడవ పెయింటింగ్ వెనక కథేంటి?

పెయింటింగ్‌లో ఉన్నది 1851 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవి చుట్టూ జరిగిన పందెం. న్యూయార్క్‌లో జార్జ్ స్టీర్స్ డిజైన్ చేసిన ‘అమెరికా’ అనే స్కూనర్ (ఇక్కడ రెండు కొయ్యల తెరచాప పడవ) బ్రిటిష్ పడవలన్నిటినీ దాటి గెలిచింది. మసాచుసెట్స్ చిత్రకారుడు లేన్ ఆ పందెం కళ్లారా చూడలేదు. ఇంగ్లిష్ చిత్రకారుడు ఆస్వాల్డ్ బ్రియర్లీ వేసిన బొమ్మ ఆధారంగా అదే ఏడాది దీన్ని గీశాడు.

బొమ్మలో ముందుగా తెరచాపలు చూడండి. నాకు అన్నిటికన్నా నచ్చేది అవే. గట్టిగా నేసిన నూలు గుడ్డ కాబట్టి బల్లపరుపుగా, బిగుతుగా నిలిచాయి. బ్రిటిష్ వాళ్లవి అవిసెనార చాపలు, ఉబ్బిపోయేవి, సందుల్లోంచి గాలి జారకుండా నీళ్లు చల్లాల్సి వచ్చేది. ఎదురుగాలికి ఏటవాలుగా వెళ్లేటప్పుడు బిగుతు చాపదే పైచేయి. వెనక్కి వాలిన రెండు తెరచాప కొయ్యలు, నీటిని కోసే సన్నని ముక్కు కూడా ఈ పడవ గుర్తులే.

తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది వాళ్లు దీన్ని ఫ్లోరిడాలో ముంచేస్తే, ఉత్తరాది నౌకాదళం పైకి తీసి వాడుకుంది. 1942లో మంచు బరువుకి దీన్ని ఉంచిన షెడ్డు కూలి మీద పడింది, 1945లో తుక్కు చేశారు. ఇప్పటికీ జరిగే ‘అమెరికాస్ కప్’ తెరచాప పడవల పోటీకి ఆ పేరు ఈ పడవ వల్లే వచ్చింది, దేశం వల్ల కాదు.