1972లో అమెరికన్ మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్ బిగించిన వేగవంతమైన కార్ల) హార్స్‌పవర్ అంతగా ఎందుకు పడిపోయింది?

ప్రధాన కారణం కొలిచే పద్ధతి మారడమే. అంతకుముందు ప్రకటించినది గ్రాస్ లెక్క: ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ వంటివేవీ లేకుండా ఇంజిన్‌ను విడిగా నడిపి తీసిన అంకె. 1972 నుంచి వచ్చినది నెట్ లెక్క: కారులో ఉన్నట్టే అన్నీ బిగించి కొలిచినది.

షెవర్లే షెవెల్‌లోని 454 ఎల్ఎస్5 ఇంజిన్‌నే తీసుకోండి. 1971లో 365 గ్రాస్, 1972లో 270 నెట్. 95 పోయినట్టే కనిపిస్తుంది! కానీ 1971 ఇంజిన్‌కు నెట్ లెక్కలో వచ్చినది 285; అసలు తగ్గింది 15.

కాలుష్య నిబంధనలతో ఇంజిన్లు 1972లోనే చచ్చుబడ్డాయనుకోవడం పొరపాటు. సీసం లేని పెట్రోలు కోసం షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ కంప్రెషన్ (సిలిండర్‌లో ఇంధన మిశ్రమాన్ని నొక్కే మోతాదు) తగ్గించింది 1971లో. ఆ దెబ్బ మాత్రం నిజమైనదే: షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌లోని ఎల్‌టీ-1 ఇంజిన్ గ్రాస్ లెక్కలోనే 1970లోని 370 నుంచి 1971లో 330కి దిగింది.