పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నంలో ఖాతా: డబ్బు పోతే కేసు ఎక్కడ, పోలీసులు చేసేదేంటి?

మీరు అడిగినవి రెండు. ఇల్లు ఒడిశాలో, బ్యాంకు ఆంధ్రాలో ఉంటే కేసు ఎక్కడ పెట్టాలి, ఫోన్ నంబరు చేతిలో ఉన్నా పోలీసులు దొంగని ఎందుకు పట్టుకోలేరు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

పోయినేడు మా నాన్న వాట్సాప్‌కి బండి చలానా అని ఒక ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వచ్చింది. ఆయన నొక్కేశారు, మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే అదీ ఇచ్చేశారు. ఇక ఓటీపీ చెప్పమని ఎవరూ ఫోన్ చేయక్కర్లేదు, అవి వాటంతటవే అవతలికి వెళ్ళిపోయాయి. మూడు దఫాల్లో 86 వేలు. నాకు తెలిసేసరికి నలభై నిమిషాలు, ఆ టెన్షన్‌లోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాను. మా వీధిలో ఫోన్లు ఒక్కోసారి మహేంద్రతనయ నది అవతలి ఆంధ్రా టవర్ పట్టుకుంటాయి, అందుకో ఏమో గానీ ఎత్తినవాళ్ళు తెలుగులోనే మాట్లాడారు.

స్టేషన్ దగ్గరే చిక్కొచ్చింది. మొదట వెళ్ళిన చోట "ఖాతా అటుంది కదా, అటే వెళ్ళండి" అన్నారు, అటు వెళ్తే "మీ ఇల్లు ఇటు కాదు కదా" అన్నారు, బస్సు ఛార్జీలు మావి. 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ రాసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఈ మాట గట్టిగా అన్నాకే తీసుకున్నారు. స్టేట్‌మెంట్ ఒడియాలో రాశారు. మీకు చదవడం రాకపోతే చదివి వినిపించమని అడిగి ఆ తర్వాతే సంతకం పెట్టండి.

ఇక నంబరు సంగతి. ఆ సిమ్ వేరే ఎవరి పేరు మీదో ఉంటుంది, అది దొంగకీ తెలుసు, పోలీసులకీ తెలుసు. అందుకే కేసు చూసిన ఇన్‌స్పెక్టర్ గారు నంబరు పక్కన పెట్టి ముందు డబ్బు వెంట పడ్డారు. ఒక్కో లావాదేవీకి దాన్ని గుర్తుపట్టే యూటీఆర్ నంబరు ఉంటుంది, యూపీఐకి అయితే 12 అంకెలు, అది పట్టుకుని ఏ ఖాతాకి వెళ్ళింది, అక్కడి నుంచి ఏయే ఖాతాలకి చీలింది అని బ్యాంకుల్ని అడుగుతారు. మా డబ్బు రెండో లేయర్‌లో, అంటే మొదటి ఖాతా నుంచి చీలి వెళ్ళిన ఖాతాల్లో, 31 వేలు ఆగిపోయింది, మిగతాది అప్పటికే ఏటీఎంలో తీసేశారు. ఏటీఎం కెమెరా వీడియో కొన్నాళ్ళకి చెరిగిపోతుంది, ఆలస్యం చేస్తే ఆ దారీ పోతుంది. మొదటి ఖాతా ఎవరిదయ్యా అంటే, రెండు వేలకి పాస్‌బుక్కూ కార్డూ ఇచ్చేసిన ఒక కూలీది, పాపం.

సిమ్ మార్చినా ఫోన్ మార్చకపోతే ఆ ఫోన్‌కి ఉండే ఐఎంఈఐ నంబరు పట్టిస్తుంది, ఆ హ్యాండ్‌సెట్‌లో ఇంకా ఏ సిమ్‌లు వేశారో తెలుస్తుంది. ఐపీ అడ్రస్ (నెట్ వాడేటప్పుడు కనెక్షన్‌కి ఉండే నంబరు) పట్టుకుని వెళ్ళడం మాత్రం సినిమాలో చూపించినంత సులువు కాదు, మొబైల్ డేటాలో ఒకే ఐపీని ఒకేసారి చాలామంది వాడుతుంటారు, సెకన్లతో సహా టైమూ, ఆ ఐపీలో ఒక్కొక్కరి కనెక్షన్‌ని వేరు చేసే పోర్ట్ నంబరూ ఉంటేనే మనిషి దాకా వెళ్ళగలరు.

మా తప్పు కూడా చెప్పాలి. వైరస్ ఉందని మా బావ ఆ రాత్రే ఫోన్ ఫార్మాట్ చేయించేశాడు. ఏపీకే పోయింది, చాట్ పోయింది. ఇన్‌స్పెక్టర్ గారు తల పట్టుకున్నారు, ఆ ఏపీకే డేటాని ఎక్కడికి పంపిందో దాంట్లోంచే తెలిసేదట. స్క్రీన్‌షాట్లు మిగిలాయి గానీ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ వాల్యూ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి, అసలు ఫోనే చేతిలో ఉంటే ఆ పని తేలిక.

ఆగిన 31 వేలు కూడా వాటంతటవే రాలేదు. వకీలుతో కోర్టులో అర్జీ పెట్టించి, మెజిస్ట్రేట్ ఆర్డర్ బ్యాంకుకి ఇచ్చాక ఏడో నెలలో పడ్డాయి. మధ్యలో "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, 1,500 కట్టండి" అని ఒకడు ఫోన్ చేశాడు, వాడూ దొంగే.

మీది పోయి రెండు రోజులే అంటున్నారు. ఇంకా చేయకపోతే 1930కి ఇప్పుడే చేయండి, బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, ఆ ఫోన్‌లో నెట్ ఆపి అలాగే పట్టుకెళ్ళి స్టేషన్‌లో చూపించండి.