పెర్ల్ హార్బర్ దాడి అంత బాగా సాగినా జపాన్‌కు ఎందుకు కలిసిరాలేదు?

దెబ్బ తగిలింది యుద్ధనౌకలకు. యుద్ధం నడపడానికి కావలసిన సరంజామా మాత్రం చెక్కుచెదరలేదు.

1941 డిసెంబర్ 7 ఆదివారం ఉదయం, హవాయి దీవుల్లోని ఈ అమెరికా నౌకాస్థావరంపై ఆరు విమానవాహక నౌకల నుంచి సుమారు 350 జపాన్ విమానాలు రెండు విడతలుగా విరుచుకుపడ్డాయి. అక్కడ రేవు లోతు దాదాపు 12 మీటర్లే. విమానం నుంచి జారవిడిచే మామూలు టార్పెడో అంతకంటే లోతుకు దిగి అడుగు బురదలో కూరుకుపోతుంది. అందుకే తోకకు చెక్క రెక్కలు బిగించారు. నీటిని తాకగానే అవి ఊడిపోయేవి, టార్పెడో పైపైనే దూసుకెళ్లేది. అదే దీవిలోని ఒపానా రాడార్ కేంద్రం 7:02కే విమానాల గుంపును పట్టేసింది కానీ, కాలిఫోర్నియా నుంచి రావలసిన తమ బీ-17 బాంబర్ విమానాలే అనుకుని వదిలేశారు! సుమారు 7:55కు బాంబులు పడ్డాయి.

అమెరికా వైపు 2,403 మంది చనిపోయారు. అందులో 1,177 మంది ఒక్క అరిజోనా నౌకలోనే. అయితే లోతు తక్కువ కావడం ఈసారి అమెరికాకు కలిసొచ్చింది, మునిగిన నౌకలను పైకి తేగలిగారు. ఎనిమిది యుద్ధనౌకల్లో ఆరింటిని బాగుచేసి మళ్లీ వాడుకున్నారు. అమెరికా విమానవాహక నౌకలు ఆ రోజు రేవులోనే లేవు.

నా లెక్కలో అసలు పొరపాటు చమురు ట్యాంకులనూ, మరమ్మతు డాక్‌లనూ వదిలేయడం. 1942లో దెబ్బతిన్న యార్క్‌టౌన్ అనే అమెరికా విమానవాహక నౌకను అక్కడే మూడు రోజుల్లో అతుకులేసి పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గరి పోరుకు పంపారు. పెర్ల్ హార్బర్‌పై దాడి చేసిన ఆరు వాహక నౌకల్లో నాలుగు, అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ, ఆ పోరులోనే మునిగాయి.