కావలిలో పై అంతస్తు పడకగదికి ఎన్ని టన్నుల ఏసీ?

మీరిచ్చిన వివరాలు ఇవీ: కావలిలో మిద్దె మీద పై అంతస్తు, 12 అడుగులకు 14 అడుగుల పడకగది, పదడుగుల ఎత్తు, పడమటి గోడకు నీడ లేదు, పడుకునేది ముగ్గురు. ఒక షాపులో టన్ను చాలన్నారు, ఇంకో షాపులో రెండు టన్నులు తీసుకోమన్నారు. ఇద్దరూ చదరపు అడుగులు తప్ప ఇంకేమీ అడగలేదు కాబట్టి ఆ రెండు మాటలూ పక్కన పెట్టండి. ఇప్పుడున్న స్థితిలో మీ గదికి ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని పెంచి తగ్గించుకునేది) సరిపోతుంది.

ముందు టన్ను అంటే ఏమిటో చూద్దాం. సుమారు 907 కిలోల ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని గదిలోంచి తోడేసే శక్తి అది. వాట్లలో 3,517. మే నెల సాయంత్రం, గది 25 డిగ్రీల్లో ఉండాలనుకుంటే మీ గదిలోకి వచ్చే వేడి ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది: పైన శ్లాబు నుంచి 1,200 వాట్లు, పడమటి గోడ 400, మిగతా మూడు గోడలు కలిపి 400, కర్టెన్ వేసిన కిటికీ 250, తలుపు సందుల్లోంచి వచ్చే వేడిగాలి, దాని తేమ కలిపి 550, ముగ్గురు మనుషులు 350, ఫ్యాను టీవీ 150. మొత్తం 3,300. కాగితం మీద ఒక టన్నుకు సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఏసీ మీద రాసే కెపాసిటీ బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచినది. రోహిణి కార్తెలో పడమటి గాలి కొట్టి సముద్రపు గాలి రాని రోజున బయట 42 దాటుతుంది. అప్పుడు అదే ఏసీ పది పదిహేను శాతం తక్కువ చల్లదనమే ఇస్తుంది. టన్ను ఏసీ రాత్రంతా ఫుల్లుగా తిరిగినా గది 28 దగ్గరే ఆగిపోతుంది.

ఈ లెక్కలో మూడో వంతుకు పైగా శ్లాబుదేనని గమనించారా? రాత్రి ఎనిమిదింటికి స్టూలెక్కి గది కప్పుకు అరచెయ్యి ఆనించి చూడండి. పొద్దు గూకి గంటన్నర అయినా వెచ్చగా తగులుతుంది. పగలు తాగిన ఎండను అది అర్ధరాత్రి దాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. అందుకే అదే కొలతల గది కింది అంతస్తులో ఉంటే, పడమర పక్కింటి నీడ కూడా పడితే, లోడు, అంటే ఏసీ తోడాల్సిన వేడి, 2,000 వాట్లకు దిగిపోతుంది, టన్ను హాయిగా చాలుతుంది. ఏసీ కొనే ముందే శ్లాబు సంగతి చూడమని గట్టిగా చెప్తాను. శివరాత్రి దాటాక మిద్దె కడిగించి, ఆరనిచ్చి, తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు కోటింగులు వేయిస్తే గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా వస్తుంది. సున్నం కూడా పనిచేస్తుంది, కాకపోతే మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొట్టే వానలకు కొట్టుకుపోతుంది. ఏటా మళ్ళీ వేసుకోవాలి.

మరి రెండు టన్నులు ఎందుకు వద్దు? ఆ వానల రోజుల్లో బయట 27 డిగ్రీలే ఉంటుంది గానీ గాలి నిండా తేమ. గదిలో లోడు వెయ్యి వాట్లకు అటూ ఇటూ. పెద్ద ఏసీ గదిని పది నిమిషాల్లో చల్లబరిచి కంప్రెసర్ ఆపేస్తుంది. ఏసీ లోపలి చల్లటి గొట్టాల (కాయిల్) మీద తేమ నీరుగా మారి కారే టైమే ఉండదు. గది చల్లగానే ఉంటుంది, దుప్పటి మాత్రం చెమ్మగా తగులుతుంది, బీరువా వెనక గోడకు బూజు పడుతుంది. డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది: ముసురు రోజున సరైన సైజు ఏసీ గంటకు లీటరు దాకా నీళ్ళు దించుతుంది, పెద్దది కాసేపు కారి ఆగిపోతుంది. ఇన్వర్టర్ అయితే ఈ బాధ తక్కువే, కానీ ఇన్వర్టర్‌కూ ఒక కనిష్ఠ కెపాసిటీ ఉంటుంది, అంతకన్నా కిందికి తగ్గలేదు. బ్రోచర్లో ఆ కనిష్ఠ అంకె 1,500 వాట్లకు మించని మోడల్ చూసుకోండి.

షాపులో "ఒకటిన్నర" అన్న మాటతో సరిపెట్టుకోకండి. స్టార్ లేబుల్ మీద 100 శాతం దగ్గర ఎన్ని వాట్లో ఉంటుంది. ఒకటిన్నర టన్ను పేరుతోనే 4,700 వాట్లవీ ఉన్నాయి, 5,200 వాట్లవీ ఉన్నాయి. మీకు ఐదు వేల దగ్గర ఉన్నది మేలు. హాట్ అండ్ కోల్డ్ మోడల్‌కు అదనంగా డబ్బు పెట్టకండి. జనవరి రాత్రులు కూడా 20 డిగ్రీల చుట్టే ఉండే ఊళ్ళో దానితో పని లేదు.

సైజు సరిగ్గా ఎంచుకున్నా బిగింపులో పోగొట్టుకునేవాళ్ళు చాలామంది. ఔట్‌డోర్ యూనిట్‌ను మీ పడమటి గోడకు అస్సలు బిగించనివ్వకండి. ఉత్తరం వైపు పెట్టించి, వెనక అరడుగు, ముందు కనీసం మూడడుగులు ఖాళీ వదలండి. ఉప్పుగాలి ఊరు కాబట్టి కాపర్ కాయిల్, దాని మీద తుప్పు పట్టని కోటింగ్ ఉన్నదే అడగండి. గ్యాస్ వదిలే ముందు పైపుల్లోని గాలిని వాక్యూమ్ పంపుతోనే తీయించండి, కాసింత గ్యాస్ వదిలి గాలి తోసేసే పద్ధతికి ఒప్పుకోకండి. మీటరు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తింగ్ ఉండాలి. వేసవి సాయంత్రాల్లో మీ వీధిలో వోల్టేజీ 170కి పడిపోతుంటే 4 కేవీఏ స్టెబిలైజర్ కూడా కావాలి.

చివరగా మీరు రాయని విషయం ఒకటి అడగాలి. మీ మిద్దె మీద ఏడాది రెండేళ్ళలో ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉందా? ఉంటే శ్లాబు 1,200 వాట్లు దాదాపు పూర్తిగా పోతాయి. అప్పుడు ఈ ఒక్క వేసవికి తెల్ల పెయింటుతో సర్దుకుని, మంచి టన్ను ఇన్వర్టర్ తీసుకోండి.